ఎక్స్‌రేకు అందని తేడా

బొమ్మ చూసి "అచ్చు ఫొటో తీసినట్టుంది" అంటే మన దగ్గర అదే పెద్ద మెప్పు. సుధీర్ పట్వర్ధన్ చిత్రాలు చూశాక ఆ మెప్పు మీద నాకు అనుమానం పట్టుకుంది. ఆయన గీసిన మనుషులు ఫొటోలో ఉన్నట్టు ఉండరు. ఒళ్ళు కాస్త మొద్దుగా, బరువుగా ఉంటుంది. అయినా లోకల్ రైల్లో వాళ్ళ భుజం మనకు తగిలినట్టే ఉంటుంది.

పట్వర్ధన్ 1949లో పుణెలో పుట్టారు. అక్కడి సాయుధ దళాల వైద్య కళాశాలలో చదివి, 2005 దాకా ఠాణేలో రేడియాలజిస్టుగా పనిచేశారు. బొమ్మలు వేయడం తనంతట తానే నేర్చుకున్నారు. ఆయన వృత్తి గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఎక్స్‌రే ఫిల్ములో ఎముకలు చూసి ఇది హమాలీదో, సేటుదో చెప్పలేం. ఆ తేడా అంతా పైపైనే ఉంటుంది: చొక్కా కాలరు నలిగిన తీరులో, ఒంటికాలి మీద బరువు వేసి నిలబడడంలో, షిఫ్టు దిగిన మొహంలో. పగలంతా లోపలి మనిషిని చూసిన డాక్టరు, తీరిక దొరికినప్పుడు ఆ పైమనిషినే గీశాడనిపిస్తుంది.

ఆయన బొమ్మల్లో 'ఇరానీ రెస్టారెంట్' 1977 నాటిది, 'ట్రైన్' 1980 నాటిది. పేర్లలోనే ఆడంబరం లేదు. మార్క్సిజం వైపు మొగ్గిన మనిషే అయినా, పిడికిళ్ళు బిగించిన వీరులతో కాన్వాసు నింపలేదు. జాలిపడితే మనిషి చిన్నబోతాడు, ఆకాశానికెత్తితే అసలు కనిపించకుండా పోతాడు. ఈ రెంటికీ మధ్య నిలబడి చూడడం కష్టం.

బొంబాయిలోని మిల్లుల పేట మీద 2001లో ఆయన వేసిన 'లోయర్ పరేల్' తెలుగువాళ్ళకూ దగ్గరిదే. కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వలస వెళ్ళిన నేత కుటుంబాలవాళ్ళు బొంబాయి మిల్లుల్లో పనిచేశారు. 1982 జనవరిలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ జాగాల్లో టవర్లు లేచాయి. కూలిపోయింది ఎవరి బతుకో తెలిసినవాడికి ఆ పేట బొమ్మ ఊరికే ఊరి బొమ్మగా కనపడదు.

డాక్టరు కూలివాణ్ణి గీయొచ్చా అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిందే. కష్టజీవిని గీసినంత మాత్రాన బొమ్మ కష్టజీవిది అయిపోదు. ఆ మనిషే వచ్చి ఎదుట నిలబడితే, తలదించుకోకుండా తనను తాను చూసుకోగలగాలి. నా లెక్కలో వాస్తవిక చిత్రానికి పరీక్ష అదొక్కటే. పట్వర్ధన్ బొమ్మలు అందులో నెగ్గుతాయి.