ఆపద్ధర్మమూ మంచినీళ్ల కుండా

ఆపద్ధర్మానికి శాస్త్రకారులు చెప్పిన అర్థం స్పష్టమైనదే: ప్రాణం మీదికి వచ్చినప్పుడు మామూలు నియమాలు సడలుతాయి, గండం గట్టెక్కగానే తిరిగి అమల్లోకి వస్తాయి. చిక్కంతా ఆ సడలింపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలన్న దగ్గరే ఉంది. తిండి కంటే తాగునీరే ఈ ప్రశ్నను గట్టిగా పరీక్షకు పెడుతుంది. ఆకలిని వారాల తరబడి ఓర్చుకోగల శరీరం దాహాన్ని కొద్ది రోజులకు మించి తట్టుకోలేదు, పైగా వరద వచ్చినప్పుడు నీళ్లు కనుచూపు మేర కనిపిస్తూనే తాగడానికి పనికిరాకుండా పోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, చుట్టూ నీళ్లే ఉన్న మేడల మీద చిక్కుకున్నవారు మంచినీళ్ల కోసం పడవలవైపూ డ్రోన్లవైపూ చూడవలసి వచ్చింది.

ఈ విషయంలో ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలోని ఉషస్తి చాక్రాయణుని వృత్తాంతం అన్నింటికంటే సూక్ష్మమైనది. కురుదేశంలో పంటలు నాశనమై కరవు వచ్చినప్పుడు ఉషస్తి భార్యతో కలిసి దేశం పట్టి తిరుగుతూ, ఒక గ్రామంలో ఏనుగుల మావటి కుల్మాషాలను, అంటే ఉడికించిన నాసిరకం గింజలను, తింటూ ఉండగా చూసి యాచించాడు. తాను తింటున్నవి తప్ప వేరే లేవని మావటి చెప్పినా వాటినే పుచ్చుకొని తిన్నాడు. ఆపైన మావటి తన నీళ్లు కూడా ఇవ్వబోతే, ఎంగిలి నీళ్లు తాగనన్నాడు. గింజలు మాత్రం ఎంగిలి కాదా అని మావటి అడగడంలో న్యాయం ఉంది. ఆ గింజలు తినకపోతే తాను బతికేవాడిని కాననీ, తాగునీరు మాత్రం తనకు కోరిన చోట దొరుకుతుందనీ ఉషస్తి సమాధానం చెప్పాడు. బ్రహ్మసూత్రాల మూడవ అధ్యాయంలో, ప్రాణాపాయ సమయంలో మాత్రమే సర్వాన్నానికి అనుమతి ఉందని నిర్ణయించే సూత్రానికి శంకరాచార్యుల భాష్యం ఈ కథనే ఆధారంగా చూపుతుంది.

ఉషస్తి లెక్కలో ఆపద అనేది మనిషికంతటికీ ఒక్కసారిగా అంటుకునే స్థితి కాదు. అది ఒక్కొక్క వస్తువుకు విడివిడిగా వర్తిస్తుంది. గింజల విషయంలో అతడు ఆపన్నుడు, నీళ్ల విషయంలో కాడు. ఈ తర్కాన్ని మరొక అడుగు ముందుకు తీసుకువెళితే శాస్త్రకారులు సూటిగా అడగని ప్రశ్న ఒకటి ఎదురవుతుంది: తుపాను హెచ్చరిక రెండు రోజుల ముందే విని, బిందెలు ఖాళీగా ఉంచిన గృహస్థు తరువాత ఆపద్ధర్మాన్ని శరణు కోరవచ్చునా? దాహంతో ఉన్నవానికి నియమం సడలక తప్పదు గాని, తప్పించుకోగలిగిన సడలింపును కొని తెచ్చుకున్నందుకు అతడు బాధ్యుడే అవుతాడు. యోగసూత్రాలు యమాలలో చేర్చిన అపరిగ్రహాన్ని, అంటే అవసరానికి మించి కూడబెట్టకుండటాన్ని, ఇక్కడ అడ్డుగా చూపడం కుదరదు. విపత్తుల్లో మనిషి తాగడానికీ వంటకూ కలిపి రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్లు కావాలని సహాయ సంస్థలు పాటించే ప్రమాణం చెబుతుంది. ఐదుగురున్న ఇంటికి మూడు రోజులకు 45 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు రెండూ పైన ఒక చిన్న బిందే. దీన్ని లోభమని ఏ స్మృతికారుడూ అనలేడు.

ఉషస్తికి సరిగ్గా ఎదురుగా నిలిచేవాడు ఆశ్వమేధిక పర్వంలోని ఉదంకుడు. తలచినప్పుడు నీరు దొరికేలా కృష్ణుని వద్ద వరం పొందిన ఆ ముని, మరుభూమిలో దప్పికగొని కృష్ణుని తలచుకోగా, కుక్కలు వెంట రాగా మైలతో నిండిన దేహంతో ఒక మాతంగుడు వచ్చి నీళ్లిస్తానన్నాడు. ఉదంకుడు అసహ్యించుకొని కాదన్నాడు. వచ్చినవాడు ఇంద్రుడనీ, తెచ్చినది అమృతమనీ కృష్ణుడు తరువాత చెప్పాడు. ఎంగిలి నీటిని కాదన్న ఉషస్తిని ఉపనిషత్తు తప్పుపట్టలేదు. మాతంగుని నీటిని కాదన్న ఉదంకుడు అమృతాన్నే పోగొట్టుకున్నాడు. మొదటివాడు చూసినది తన అవసరాన్ని, రెండవవాడు చూసినది ఇచ్చేవాని రూపాన్ని.

శుద్ధి విషయంలోనూ సంప్రదాయానికి రెండు దృష్టులున్నాయి. నీటిని గుడ్డతో వడగట్టి తాగాలని మనుస్మృతి ఆరవ అధ్యాయం యతికి విధించడం ప్రధానంగా జీవహింస కలగకుండా ఉండటానికే. జైనులు నీటిని వడగట్టడంలోనూ ఉద్దేశం అదే. ఆ పని శరీరాన్ని కూడా కాపాడుతుందని చాలా కాలం తరువాత తేలింది: బంగ్లాదేశ్ గ్రామాలలో పాత చీరను అనేక మడతలు వేసి వడగట్టిన నీరు వాడినచోట కలరా కేసులు సుమారు సగానికి తగ్గాయని 2003లో రీటా కోల్వెల్ బృందం ప్రకటించింది. కలరా క్రిమి నీటిలోని అతి చిన్న జీవులను అంటిపెట్టుకొని ఉంటుంది గనుక, వాడి వాడి పోగులు దగ్గరపడిన నేత వాటిని పట్టి నిలుపుతుంది. అదే అధ్యాయంలో మనువు చిల్లగింజను ప్రస్తావించి, దాని పేరు పలికినంత మాత్రాన నీరు తేరదని హెచ్చరించడం గమనించదగినది. ఈ గింజను కుండ లోపలి గోడకు గరుకుగా అరగదీసి నీళ్లు పోస్తే, దాని పొడి బురద రేణువులను ఒకచోటికి చేర్చి అడుక్కు దింపుతుంది. అజ్ఞానాన్ని తొలగించి తానూ లయించే జ్ఞానానికి ఆత్మబోధ అనే వేదాంత గ్రంథం ఈ పొడినే పోలికగా తెచ్చింది.

వేదాంతానికి ఆ పోలిక చక్కగా అమరినా, నిల్వ నీటికి మాత్రం అది చాలదు. తేరిన నీటిలో క్రిములు మిగిలే ఉంటాయి. కళపెళ మరిగించి కనీసం ఒక నిమిషం ఉంచడమో, క్లోరిన్ కలిపి అరగంట ఆగడమో తప్పదు. బురద నీటిలో వేసిన క్లోరిన్‌లో చాలా భాగాన్ని ఆ మురికే మింగేస్తుంది గనుక తేర్చడం, వడగట్టడం ముందు జరగాలి. అరగంట తరువాత కూడా లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ నీటిలో నిలిచి ఉండాలంటారు. ముంచే గ్లాసూ, తడిచేతి వేళ్లూ కుండలోని నీటిని మళ్లీ మళ్లీ చెడగొడుతూనే ఉంటాయి. చిల్లగింజ పొడి పని ముగించి అడుగున చేరిపోవచ్చు, క్లోరిన్ మాత్రం కాపలాగా మిగలాలి.

ఆచారశుద్ధిని ఈ శుద్ధి స్థానంలో కూర్చోబెడితే ఏమవుతుందో 1927లో మహారాష్ట్రలోని మహాడ్ చూపింది. మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో దళితులు చవదార్ చెరువు నీళ్లు తాగిన తరువాత, సవర్ణులు 108 కుండల ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు చెరువులో పోయించి మంత్రాలతో దానిని శుద్ధి చేశామనుకున్నారు. నీటిలోకి పేడను చేర్చడం శుద్ధి అనిపించుకున్న ఆ రోజు, మాలిన్యమని వారు భయపడినది నీటికి సంబంధించినది కానే కాదు. చలివేంద్రంలో ఎత్తు నుంచి దోసిట్లో నీళ్లు పోసే పద్ధతిలోనూ ఇదే జంట ముఖం కనిపిస్తుంది: కుండలో చేయి పడనివ్వని ఆ జాగ్రత్తను ఆరోగ్యశాస్త్రం మెచ్చుకుంటుంది, కొందరికి మాత్రమే అలా పోయడాన్ని ఏ ధర్మమూ సమర్థించలేదు.

నిల్వ చేసిన నీరు ఎవరిదన్న ప్రశ్న అన్నింటికంటే కఠినమైనది. ఎడారిలో ఇద్దరు బాటసారులకు, ఒక్కరినే ఊరు చేర్చగల నీళ్లు మాత్రమే ఉన్న కథను తల్మూద్, అంటే యూదుల న్యాయచర్చల సంకలనం, విచారిస్తుంది. ఒకడు మరొకని చావు చూడకుండా ఇద్దరూ తాగి ఇద్దరూ మరణించడమే మేలని బెన్ పెతూరా అన్నాడు. నీళ్లు చేతిలో ఉన్నవాని ప్రాణమే ముందని రబ్బీ అకీవా అన్నాడు. అకీవా తీర్పు నిష్ఠురంగా తోచినా, అది నీళ్లు ఒక్కరికే సరిపోయే చోట మాత్రమే చెల్లుతుంది. ఇంట్లో ఒక క్యాను అదనంగా ఉన్నవాడు ఆ తీర్పు చాటున దాక్కోలేడు. ఇస్లాంలోని హనఫీ న్యాయశాస్త్రం ఈ రెండో స్థితిని నేరుగా చర్చించింది. పాత్రలోకి తోడుకున్న నీరు తోడుకున్నవాని సొత్తే అవుతుంది; కాని అతని అవసరానికి మించి ఉండి, దాహంతో ప్రాణం పోతున్నవానికి నిరాకరిస్తే, ఆ దప్పికగొన్నవాడు ఆయుధం ఎత్తకుండా పెనుగులాడి తీసుకోవచ్చు. అదే బావి నీరైతే ఆయుధం పట్టడానికి కూడా అనుమతి ఉంది. అయితే అగత్యం ఎదుటివాని హక్కును రద్దు చేయదన్నది కూడా ఆ శాస్త్రంలోని సూత్రమే గనుక, పాత్రలోని నీళ్లు తాగి బతికినవాడు వాటి వెల చెల్లించవలసే ఉంటుంది.