చిన్న కోత

“పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా గర్భసంచి?” ఫైబ్రాయిడ్ గడ్డలున్నాయని తేలినప్పుడు ఒక డాక్టరు నన్నడిగిన ప్రశ్న ఇది. లాపరోస్కోపీలో చేస్తారట, చాలా చిన్న కోతట. కోత చిన్నదే, పోయేది మాత్రం ఒక మొత్తం అవయవం. దాన్ని ‘చిన్న ఆపరేషన్’ అనడం దగ్గరే నా పేచీ.

గడ్డను మాత్రమే తీసి గర్భసంచిని ఉంచే పద్ధతులున్నాయి. సంచి లోపలివైపు పెరిగిన గడ్డని పొట్ట కోయకుండా యోని మార్గంలోనే తీయొచ్చు. గడ్డకు రక్తం అందకుండా నాళాన్ని మూసే ఎంబోలైజేషన్ గురించి 1995 నుంచీ వైద్యులకు తెలుసు. బాధ పెట్టని గడ్డని ఊరికే కనిపెట్టుకుని ఉండొచ్చు. ముట్లుడిగాక చాలావరకు అవే కుంచించుకుపోతాయి. ఇవన్నీ నేను చదివి తెలుసుకున్నవి. చదివే తీరిక యూనివర్సిటీ ఉద్యోగం, జీతంతో కూడిన సెలవు ఇచ్చాయి.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. అన్నీ గడ్డల కోసమే కాదు, అన్నీ అనవసరమూ కాదు. అందరూ సంతకం పెట్టే ఉంటారు. ఉన్నది ఒక్క దారే అన్నాక పెట్టిన సంతకం సమ్మతి అవుతుందా?

అడిక్‌మెట్‌లో మా వీధిలో ఇళ్లలో పనిచేసే ఆమెకీ ఇవే గడ్డలు. “తీపిచ్చుకుంటె పీడ వోతది మేడం, నెలనెలా ఆరు దినాల పని వోతుంది” అంది. దీన్ని అజ్ఞానం అనలేను. ఆమె లెక్క ఆమెకుంది. మిగతా మార్గాల గురించి చెప్పాను. శ్రద్ధగా వింది.

“గవి చెయ్యనీకి ఎన్ని దినాలు దవఖాన సుట్టు తిరగాలె?” అని అడిగింది.