మత్తుబిళ్ళ - మెలకువ

వ్యాపారికి నిద్ర కరవు. రావలసిన బాకీలు, కట్టవలసిన పన్నులు పడకమీదికి కూడ వెంటవచ్చును. "ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అను సామెత కాయకష్టము చేయువానికి చెల్లునుగాని లెక్కలతో పడుకొనువానికి చెల్లదు. అందుచేతనే సారాను ఏనాడును ముట్టని ఇండ్లలో సైతము నిద్రమాత్రలు కనిపించుచున్నవి. అది పాపమట, ఇది మందట! ఈ భేదము వస్తువులో నున్నదా, వాడుకలో నున్నదా యని విచారింపవలెను.

మెదడు వేగమును అణచు 'గాబా' యను రసాయనము మనుష్యునిలో సహజముగా గలదు. సారా, 1903లో వెలువడిన వెరొనాల్ మొదలగు బార్బిట్యురేట్లు, 1963లో వచ్చిన డయజిపామ్, ఆ తరువాతి ఆల్ప్రజోలామ్ అన్నియు దాని పనినే హెచ్చించును. భయము తగ్గును, కండరములు సడలును, నిద్ర పట్టును. మోతాదు మించినచో మాట తడబడును, తెలివి తప్పును, ఊపిరి మందగించును. మాత్రకు మద్యముగాని, నల్లమందు జాతి నొప్పిమందుగాని తోడైనచో ప్రాణమే పోవచ్చును. వృద్ధులు రాత్రివేళ లేచి, తూలిపడి, తుంటి యెముక విరుగగొట్టుకొనుటయు గలదు.

నెమ్మదిగా వచ్చు చేటు మరియొకటి. వారములకొలది మ్రింగినచో మెదడు దానికి అలవాటుపడును. ఒకటి చాలక రెండు కావలెను. హఠాత్తుగా మానినచో వణకు, కలవరము, మూర్ఛలు కూడ రావచ్చును. ఇది అప్పుతెచ్చిన నిద్ర. ఆ అప్పును వైద్యుడు చెప్పినట్లు కొంచెము కొంచెముగా తీర్పవలెనేగాని ఒక్కనాడు విసరివేయరాదు.

కొనువాని సంగతి యిది. అమ్మువాని సంగతి యేమి? తెలంగాణములో కొన్నిచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుట చిరకాలపు దురాచారము. చెట్టునుండి దిగు కల్లు తక్కువ, అడుగువారెక్కువ. ఆ లోటును మత్తుమందు పూరించును. 2015లో ప్రభుత్వము కట్టుదిట్టము చేయగా నిజామాబాదు మొదలగు జిల్లాలలో అలవాటుపడినవారెందరో ఆసుపత్రుల పాలైరి. తాము త్రాగునది కల్లేయని వారు నమ్మిరి. కొనువానిని సరుకునకు బానిసను చేసి గడించినది లాభమగునా? 2014 నుండి అమలైన 'హెచ్-1' పట్టికలో ఆల్ప్రజోలామ్, డయజిపామ్ గలవు. వైద్యుని చీటీ లేక వీనిని అమ్మరాదు. అమ్మినది వేరు పుస్తకములో వ్రాసి 3 సంవత్సరములు భద్రపరుపవలెను. మందుల దుకాణదారుడు ఎరిగినవాడను మొగమాటముతో చీటీ అడుగకపోవుటయు చిన్న తప్పు గాదు.

తెలుగులో ప్రమాదమనగా ఆపద. జైనశాస్త్రములో ప్రమాదమనగా ఏమరుపాటు; కర్మబంధమునకు గల హేతువులలో అదియొకటి. ఉమాస్వామి తత్త్వార్థసూత్రములో హింసను నిర్వచించునపుడు సైతము ఏమరుపాటునే మూలముగా చెప్పెను. ఈ కొలతతో కొలిచినచో పై ప్రశ్నకు జవాబు దొరకును. మూర్ఛరోగికి 1912 నుండి వాడుకలోనున్న ఫినోబార్బిటాల్ అతని తెలివిని కాపాడును. అది మెలకువకు తోడ్పడినది. నిద్రలేక కృశించువానికి వైద్యుడు కొలది దినములకిచ్చిన మాత్రయు నట్టిదే. తీర్పవలసిన చిక్కును తీర్పక, దానిని మరచుటకై రాత్రికొకటి చొప్పున మ్రింగుట ఏమరుపాటును డబ్బిచ్చి కొనుట. అప్పుడది చీటీతో వచ్చినను సారాకు దగ్గరిదే.

కావున మాత్ర పేరును గాక దాని ఫలమును చూడవలెను. దానివలన మరునాడు మనుష్యుడు ఎక్కువ మెలకువతో నున్నాడా, తక్కువతో నున్నాడా? ఇంటి పెద్దలు తమ్మును, దుకాణదారులు తమ గల్లాను ఈ ప్రశ్న అడిగికొనుట మేలు. చిట్టా దీపము పెట్టకమునుపే ముగించి, చిక్కును భార్యతోనో అన్నదమ్ములతోనో చెప్పుకొన్నవానికి సగము నిద్ర అక్కడనే దొరకును. మిగిలిన సగమునకు వైద్యుడు గలడు.