చెంగల్వకోష్టు: ప్రయోజనమూ ధర్మమూ

తెలుగునాట వైద్యులు చెంగల్వకోష్టుగా ఎరిగిన వేరు పశ్చిమ హిమాలయాలలోని ఒక మొక్కది. సంస్కృతంలో దాని పేరు కుష్ఠం. చేమంతి కుటుంబానికి చెందిన ఈ మొక్క సహజంగా పెరిగేది ఆ ఎత్తైన కొండవాలులలోనే. ఔషధాలకు, ధూపానికి, పరిమళ ద్రవ్యాలకు శతాబ్దాలుగా దాని వేరును తవ్వుతూ వచ్చారు. వేరు పోతే మొక్క నిలవదు. 1985లో సైటిస్ ఒప్పందం దానిని కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చింది. 1991 సవరణతో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా దానికి రక్షణ కల్పించింది. అయినా అది నేటికీ విలుప్తికి అతి చేరువలో ఉన్న జాతులలో ఒకటి.

ప్రకృతిని కాపాడవలసింది అది మానవునికి ఉపయోగపడుతుంది గనుకనే అన్న మాట తరచు వింటాం. ఈ మొక్కకు ముప్పు తెచ్చినది ఆ ఉపయోగమే కదా! లాహౌల్ లోయ రైతులు గత శతాబ్దం నుంచి దీనిని పొలాలలో సాగుచేస్తూ వచ్చారు. ప్రయోజనమే ప్రమాణమైతే, పొలంలో వేరు లభిస్తున్నంతవరకు కొండమీది మొక్క అంతరించినా చింత లేదనవలసి వస్తుంది. అందుకు మన వివేకం ఒప్పుకోదు. మన అవసరం కన్న ముందే ఆ మొక్క ఉంది. దాని ఉనికికి మన అవసరం కారణం కాదు. కనుక దానిని తుదముట్టించే అధికారమూ మనకు లేదు. కొండమీది మొక్కను తవ్వకుండా విడిచిపెట్టేందుకు సాధనమైనప్పుడే సాగు సార్థకమవుతుంది. ఆ వేరు పొలానిదా, కొండదా అని కొనేవారు అడగడం ఈ ధర్మానికి తొలిమెట్టు.