ఛాయాచిత్ర సాక్ష్యము

తరిగొప్పులవంటి యొక పల్లెలో, 60 అడుగుల తాటిచెట్టునకు 180 అడుగుల దూరమున ఛాయాచిత్రయంత్రమును నిలిపి, దానికి అడుగున్నర దూరమున అర అడుగు పొడవుగల యఱచేతిని చాపి పటము తీసినచో, చెట్టును చేయియు నొక్క పరిమాణముననే కానవచ్చును. రెంటి యెత్తును యంత్రమునుండి వాని దూరములో మూడవ వంతగుటయే యిందలి మర్మము. ఈ పటము నసత్యమందుమా?

యంత్రము కల్పించిన దేమియు లేదు. తానున్న చోటికి వచ్చిన వెలుగునే గ్రహించినది. అయినను మనము భ్రమపడుదుము. మనకు రెండు కన్నులు గలవు. ఆ రెండు చూపుల భేదముచేతను, తల కదల్చినపుడు దగ్గఱి వస్తువు లెక్కువగా జరుగుటచేతను దూరము నెఱుంగుచున్నాము. యంత్రమునకు గల యొక్క కన్నును నిశ్చలము. అది విడిచిన దూరమును మన యూహ పూరించును. పొరపాటు పుట్టునది యచ్చటనే.

ఇది వినోదమాత్రమైనచో నింత చర్చ యనవసరము. ఛాయాచిత్రము స్త్రీలకు మేలును జేసినది. 1892లో రాజా దీన్‌దయాళు హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేక చిత్రశాలను తెఱవగా, ఘోషాలోనివారికి సయితము తమ రూపమును నిలుపుకొను నవకాశము కలిగెను. నేడన్ననో, కన్యకంటె ముందుగా నామె పటము వరుని వాకిటికి పోవుచున్నది. చేతిఫోనుతో మూరెడు దూరమునుండి తీసినచో ముందున్న ముక్కు పెద్దదిగను, వెనుకనున్న చెవులు చిన్నవిగను దోచును. పదియడుగులు వెనుకకు జరిగి తీసిన నదే ముఖము వేఱుగా నుండును. దూరముచేతనైన భేదమును పిల్ల లోపముగా నెంచి సంబంధమును త్రోసిపుచ్చు పెద్దలు న్యాయము చేసినవారగుదురా?

కంటికి కనబడినదే ప్రమాణము గదా యని కొంద ఱందురు. సాక్షి యెక్కడ నిలిచి చూచెనో యడుగక న్యాయాధిపతి తీర్పు చెప్పడు. పటమునకును ఆ నియమమే వర్తింపవలెను. తాను నిలిచిన తావును దాచి మోసగించినచో దోషము పటము తీసినవానిది. అడుగక నమ్మి యొరులకు హాని చేసినచో దోషము మనది. కావున నే మనుష్యుని గూర్చియైనను తీర్పు చెప్పుటకు ముందు, నాలుగడుగులు వేసి మఱియొక చోటినుండి చూచుట మన ధర్మము. పిల్లను జూడగోరువారు వచ్చి యామెతో మాటాడుదురు గాక; ఆమెయు వారిని జూచి తన యభిప్రాయమును జెప్పును గాక.