మూడు మైళ్ళ అవతల

పాత తెరచాప ఓడల్లో నావికులు కాలకృత్యాలకి ఓడ ముక్కు దగ్గరికి వెళ్ళేవాళ్ళు. కింద సముద్రం, పైన ఆకాశం, మధ్యలో చిల్లు పెట్టిన చెక్క. అందుకే పడవలో టాయిలెట్‌ని ఇప్పటికీ ‘హెడ్’ అంటారు. సియాటెల్‌లో నేనూ నా స్నేహితుడూ చెరిసగం వేసుకుని కొన్న ముప్ఫై అడుగుల సెయిల్‌బోట్‌లోనూ ఒక హెడ్ ఉంది. చిల్లు బదులు దానికి చేతిపంపు, గొట్టం, మంచం కింద ఇరవై గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నాయి. ఎవడిది వాడే మోసుకు తిరగాలన్నది ఆ ట్యాంకు సిద్ధాంతం.

పంపు పక్కన చిన్న మీట ఉంటుంది. ఒకవైపు తిప్పి కొడితే సముద్రపు నీళ్ళు గిన్నెలోకి వస్తాయి, రెండోవైపు తిప్పి కొడితే గిన్నె ఖాళీ అవుతుంది. వెళ్ళిన ప్రతిసారీ సుమారు అర గ్యాలను ట్యాంకులో చేరుతుంది. ఇద్దరు మనుషులు, రోజుకి తలా ఐదుసార్లు అనుకుంటే నాలుగు రోజులు. ఆరుగురు దిగారా, ఒకటిన్నర రోజు కూడా రాదు. నిండినదెంతో చెప్పడానికి గేజీ ఉంది గానీ దాని మాట నమ్మకూడదు. లోపలి ఫ్లోటు గారపట్టి ఎప్పుడడిగినా ‘సగం’ అంటుంది. పరుపు ఎత్తి, ట్యాంకు గోడకి టార్చి ఆనించి, నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూడటమే మా పద్ధతి.

ట్యాంకు నుంచి ఊపిరి గొట్టం ఒకటి పడవ పక్కకి పోతుంది. అది మూసుకుపోతే గాలి అక్కర్లేని బ్యాక్టీరియాది రాజ్యం, కుళ్ళిన గుడ్ల కంపు. రేవులో పంపౌట్ యంత్రం గొట్టాన్ని డెక్ మీది మూతకి బిగించి పీల్పించేటప్పుడైతే ఇంకా ప్రమాదం. తీసినంత మేర గాలి లోపలికి రాకపోతే ట్యాంకు సొట్టపడి పగలొచ్చు. అందుకని ఒకరు గొట్టం పట్టుకుంటే ఇంకొకరు ఊపిరి రంధ్రం దగ్గర వేలు పెట్టి గాలి లోపలికి పోతోందో లేదో చూడాలి. గొట్టం మధ్యలో చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులో గోధుమరంగు పోయి తేట నీళ్ళు కనపడేదాకా ట్యాంకులో నీళ్ళు పోసి మళ్ళీ పీల్పించాలి. పావుగంట పని.

ఇదంతా పని. అసలు ప్రశ్న వై-వాల్వు దగ్గర ఉంది. గిన్నెలోది ట్యాంకులోకి పోవాలా, సముద్రంలోకి పోవాలా అని దారి మళ్ళించేది అదే. తీరానికి మూడు నాటికల్ మైళ్ళ లోపల శుద్ధి చెయ్యని మలాన్ని వదలకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. ప్యూజెట్ సౌండ్‌లో 2018 నుంచి శుద్ధి చేసినది కూడా వదలకూడదు. వాల్వు పిడిని మూసిన స్థితిలోనే బిగించి ఉంచాలి. తాళమే వెయ్యక్కర్లేదు, ప్లాస్టిక్ జిప్ టై కట్టినా చట్టానికి చాలు. అర్ధరాత్రి ఎక్కడో లంగరు వేసుకుని ఉన్నప్పుడు కత్తెరతో టక్కుమనిపించి, పొద్దున్నే కొత్తది కట్టేస్తే అడిగేవాడు లేడు.

“ఒరేయ్, ఇరవై గ్యాలన్లకి సముద్రం మైలపడిపోతుందట్రా?” అంటాడు నా పార్ట్‌నర్. వాడి దగ్గర లెక్కలున్నాయి. జలసంధికి అవతలున్న కెనడా నగరం విక్టోరియా దశాబ్దాల పాటు తన మురుగుని జల్లెడ పట్టి అలాగే సముద్రంలోకి వదిలింది. శుద్ధి కేంద్రం నడవడం మొదలైంది 2020 చివర్లో. ఇక్కడ సియాటెల్‌లోనే వెస్ట్ పాయింట్ కేంద్రం 2017 ఫిబ్రవరిలో నీట మునిగి దెబ్బతింటే, కోట్ల గ్యాలన్ల మురుగునీరు ప్యూజెట్ సౌండ్‌లో కలిసింది. వాటి ముందు మన బకెట్లు ఎంత? వాడిది కుంటిసాకేం కాదు, నిజమైన వాదనే.

ఇలాంటి వాదనలకి డెరెక్ పార్ఫిట్ 1984లో వచ్చిన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’లో జవాబు వెతికాడు. నైతిక గణితంలో మనం చేసే తప్పులంటూ ఒక అధ్యాయమే రాశాడు. అందులో వెయ్యిమంది హింసకులు ఉంటారు. ఒక్కొక్కడు నొక్కే మీట వల్ల బాధితుడికి కలిగే తేడా వాడికే తెలియనంత చిన్నది. అందరూ నొక్కితే మాత్రం భరించలేని నొప్పి. ఎవడికి వాడు నిర్దోషి, నొప్పి మాత్రం నిజం. ప్యూజెట్ సౌండ్‌లో తీరం లోపలికి వంగిన చోట్ల ఆయిస్టర్లు పెంచుతారు. ఆయిస్టర్ నీళ్ళని వడగట్టుకుని బతుకుతుంది. ఆ నీళ్ళలో నోరోవైరస్ ఉంటే దాన్నీ తనలో దాచుకుంటుంది. దాన్ని పచ్చిగా తినే మనిషికి, సముద్రం మొత్తం ఎంత పెద్దదైతే ఏం?

అయినా, నన్ను ఆ జిప్ టై తెంపనివ్వనిది పార్ఫిట్ కాదు, గోదావరి వంతెన.

చిన్నప్పుడు రైలు వంతెన ఎక్కగానే కిటికీల్లోంచి చిల్లర నదిలో పడేది, చేతులు జోడించబడేవి. అదే పెట్టె చివర, అదే నదిలోకి, టాయిలెట్ గొట్టం నోరు తెరుచుకుని ఉండేది. రైలు స్టేషన్లో ఆగి ఉన్నప్పుడు వాడొద్దని లోపల రాసి ఉండేది. (ఇప్పుడు బయో టాయిలెట్లు వచ్చాయి లెండి.) అంటే స్టేషను ఎవరిదో ఒకరిది, మిగతా దేశం ఎవరిదీ కాదు. మూడు మైళ్ళ గీతలో కూడా నాకు ఆ బోర్డే కనిపిస్తుంది. కానీ పట్టాల మీద పడ్డదాన్ని ఎత్తిన చేతులున్నాయి. మా అమ్మమ్మగారింటికి వెనకవైపు ఓ సందు ఉండేది. దానికి పేరుండేది కాదు, అందులోంచి తెల్లారకుండా వచ్చి వెళ్ళేవాళ్ళ కులమే దాని పేరు. ఆ పనిని చట్టం 1993లో ఓసారి, 2013లో ఇంకాస్త గట్టిగా నిషేధించింది. అయినా సెప్టిక్ ట్యాంకుల్లోకి దిగినవాళ్ళు ఊపిరాడక చనిపోయిన వార్తలు మన ఊళ్ళ నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. మా పడవలో మేం ముక్కు మూసుకునే ఆ కుళ్ళిన గుడ్ల వాయువే, హైడ్రోజన్ సల్ఫైడే, అక్కడ మనిషిని చంపుతుంది. మన ఇళ్ళల్లో శుభ్రత అనేది ఒక గుణమని నేర్పారు. అది ఎక్కువగా సదుపాయం. ఇంకో మనిషి ఉండటమనే సదుపాయం.

ఈ పోలికని ఎక్కువ దూరం లాగితే అసహ్యంగా ఉంటుంది. సరదాకి కొన్న పడవలో, గ్లౌజులు తొడుక్కుని, నాది నేను పీల్పించుకోవడంలో త్యాగమేం లేదు. ఇంట్లో బటన్ నొక్కి ఫోన్ చూసుకుంటూ బయటికొచ్చేదీ నేనే. కాకపోతే, నాలోంచి బయటికి పోయింది ఎంతో నాకు గ్యాలన్లలో తెలిసే చోటు ఇదొక్కటే.

ఈ సీజన్లో మా ఇద్దరికీ కొత్త పేచీ వచ్చింది. పడవ కట్టిన చోటికే వచ్చి ట్యాంకు ఖాళీ చేసిపోయే సర్వీసులున్నాయి. నెలనెలా కట్టేద్దామంటాడు పార్ట్‌నర్. ఆ పని చేసే కుర్రాడికి యంత్రం ఉంది, గ్లౌజులున్నాయి, జీతం ఉంది. నచ్చకపోతే రేపు మానేసి ఇంకోటి వెతుక్కుంటాడు. అతని కొడుకూ అదే చెయ్యాలని ఎవరూ అనరు. అది పెరటి సందు కాదు, ఒప్పుకుంటాను. పైగా మనం కట్టే డబ్బుతో అతని ఇల్లు గడుస్తుంది. అయినా నేనింకా ఊ అనలేదు. అతను మేం లేనప్పుడు వచ్చి పోతాడు. శనివారం మేం పడవెక్కేసరికి ట్యాంకు ఖాళీగా ఉంటుంది. పరుపు ఎత్తి టార్చి వెయ్యాల్సిన పనే ఉండదు.

“అదే కదరా మనక్కావాల్సింది!” అంటాడు వాడు.