బింబం, ప్రతిబింబం, పటం

గోడకు తగిలించిన పటానికీ ఆ పటంలో కనిపించేవారికీ ఉన్న సంబంధం ఏమిటన్నది భారతీయ తత్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. కెమెరా పుట్టకముందు పండితులు దాన్ని అద్దం, నీటిలో సూర్యుడు, నీడ వంటి ఉదాహరణలతో చర్చించారు. ఫొటో వచ్చాక ఆ చర్చ పాఠశాల గడప దాటి స్టూడియోలోకి వచ్చింది. కర్నూలు జిల్లా పడమటి భాగాన, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల, ఈ ప్రశ్నకు ఎదురయ్యే జవాబులు ఒకటి కాదు. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం ఉంది. జీవుడికీ దేవుడికీ ఉన్న సంబంధాన్ని ప్రతిబింబం అన్న భావనతోనే వివరించిన ద్వైత సంప్రదాయానికి అది పెద్ద కేంద్రం. ఆదోనిలో విగ్రహం గానీ చిత్రం గానీ లేని షాహీ జామియా మసీదు ఉంది. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవాన్ని ఏటా ఎన్నో కెమెరాలు పట్టుకెళ్తాయి. ఈ మూడింటి మధ్యనే స్టూడియోలవాళ్లు దేవుళ్ల పటాలు, పోయినవారి పటాలు కట్టి ఇస్తుంటారు.

రాఘవేంద్రస్వామి 1595లో తమిళదేశంలోని భువనగిరిలో పుట్టి, 1621లో పీఠమెక్కి, 1671 శ్రావణ బహుళ విదియనాడు మంత్రాలయంలో సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. అప్పటి ఊరి పేరు మంచాల. బిజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ ఆ ఊరిని స్వామికి ఇచ్చాడని మఠ చరిత్ర చెబుతుంది. కెమెరాకు ఒకటిన్నర శతాబ్దానికి పైగా ముందటి మాట ఇది. కాబట్టి ఈ ప్రాంతంలో ఇంటింటా ఉన్న రాఘవేంద్రస్వామి పటాలేవీ ఆయనను చూసి తీసినవి కావు. కాషాయం, తులసిమాలలు, నుదుటి మీద అంగార అక్షత, ప్రశాంతమైన చూపు, ఇవన్నీ భక్తుల తలపులోంచి చిత్రకారుల చేతికి, అక్కడినుంచి అచ్చుకు వచ్చాయి. సినిమా కూడా ఇందులో పాలు పంచుకుంది. 1966లో రాజ్‌కుమార్ కన్నడంలోనూ, 1985లో రజనీకాంత్ తమిళంలోనూ స్వామి పాత్ర వేశారు. మంత్రాలయంలో భక్తుడు దర్శించేది ముఖాన్ని కాదు, రాతి బృందావనాన్ని. గర్భాలయం దగ్గర ఫొటోలు తీయనివ్వరు. ఇంటికి తెచ్చుకునే పటంలో మాత్రం ముఖం ఉంటుంది. ఆ ముఖం దేనికి ప్రతిబింబం?

దీనికి తగిన సాధనం ఆ మఠం చదువులోనే ఉంది. 13వ శతాబ్దపు మధ్వాచార్యులు జీవుణ్ని పరమాత్మకు ప్రతిబింబమన్నారు. అయితే ఆయన దృష్టిలో ప్రతిబింబమంటే అద్దంలో కనిపించి మాయమయ్యే భ్రమ కాదు. దానికి మూడు లక్షణాలు: బింబం కన్నా వేరుగా ఉండటం, బింబానికి అధీనమై ఉండటం, బింబంతో ఎంతో కొంత పోలిక ఉండటం. నీటిలో కనిపించే సూర్యుడికి నీరు అనే ఉపాధి, అంటే ఆసరా, కావాలి; నీరు ఎండితే ఆ ప్రతిబింబం పోతుంది. జీవుడు అలాంటివాడు కాడని, ఇంద్రధనుస్సు సూర్యుడికి ఎలా ప్రతిబింబమో జీవుడు దేవుడికి అలా ప్రతిబింబమని మధ్వమతం చెబుతుంది. ఇంద్రధనుస్సు చూడటానికి సూర్యుడిలా ఉండదు. అయినా సూర్యుడు లేకుండా అది లేదు. ఈ ఉదాహరణలో పోలిక చాలా పలచన, ఆధారపడటం మాత్రం సంపూర్ణం. ఫొటో విషయంలో మామూలుగా జరిగే ఆలోచన దీనికి తలకిందులుగా ఉంటుంది: అచ్చు గుద్దినట్టు ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

ఫొటోను మధ్వుడు చెప్పిన ఇంద్రధనుస్సు కోవలో నేరుగా చేర్చడానికి వీల్లేదు. కటకం, కాంతిని పట్టే పొర, కాగితం, ఇవన్నీ ఉపాధులే. ఏది చెడినా బొమ్మ చెడుతుంది. కానీ ఆ మూడు లక్షణాలు పటానికి మంచి గీటురాళ్లు. పటం మనిషి కాదు, మనిషి వల్ల ఉంది, మనిషిని కొంత పోలి ఉంది. ఈ మూడింటిలో ఏది మొదట నిలవాలన్న దానిమీదే పూజ, కళ, వృత్తిధర్మం మూడూ ఆధారపడతాయి. బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయంలో ప్రతీక గురించిన సూత్రానికి మధ్వ సంప్రదాయం చేసే వ్యాఖ్యానం ఇక్కడ అవసరం. ప్రతిమే దేవుడనుకోవడం తప్పు, ప్రతిమలో సన్నిహితుడైన దేవుణ్ని ఉపాసించడం ఒప్పు అని దాని సారం. ద్వైత గ్రంథమైన న్యాయసుధకు పరిమళమనే వ్యాఖ్య రాసి పరిమళాచార్యులని పేరుపొందిన రాఘవేంద్రస్వామి ఈ సంప్రదాయంలోని పండితుడే. ఆయన పటం ముందు దీపం పెట్టే గృహిణి ఆ గ్రంథాలు చదివి ఉండనక్కర్లేదు. పటం అద్దం పగిలితే ఆమె స్వామికి గాయమైందనుకోదు, అలాగని దాన్ని చెత్తబుట్టలోనూ వేయదు. గుడి దగ్గర రావిచెట్టు మొదట్లో పెట్టి వస్తుంది, లేదా నదిలో కలుపుతుంది. శాస్త్రం చేసిన భేదాన్ని ఆమె చెయ్యి పాటిస్తోంది.

అద్వైతంలో ఈ చర్చ మరో దారి పట్టింది. అద్దంలోని ముఖం అసలు ముఖం కన్నా వేరు కాదు, వేరుగా తోచడమే భ్రమ అని వివరణ ప్రస్థానం వాదించింది. ప్రతిబింబమే మిథ్య అని ఆభాసవాదం చెప్పింది. రమణ మహర్షి తెర మీది బొమ్మల ఉదాహరణ తరచు చెప్పేవారు: బొమ్మలు వస్తాయి, పోతాయి, తెరకు ఏమీ అంటదు. అలా చెప్పిన మహర్షికే ఫొటోలు చాలా ఉన్నాయి. 1946లో బెంగళూరు ఫొటోగ్రాఫర్ జి.జి. వెల్లింగ్ తీసిన ముఖచిత్రం లక్షల ఇళ్లలో ఉంది. బొమ్మ మిథ్య అన్న దర్శనం బొమ్మను కాదనలేదన్నది గమనించదగ్గ విషయం. అయితే ఫొటోగ్రాఫర్ ఏం చేయాలో చెప్పే నియమం అందులోంచి నేరుగా రాదు. బొమ్మకు విడి ఉనికి ఇచ్చి, దాన్ని మళ్లీ అసలుకు కట్టిపడేసిన ద్వైతమే ఆ పనికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

స్టూడియోలో ఇది రోజువారీ వ్యవహారం. ఇంట్లో ఎవరైనా పోతే పదకొండో రోజుకో పన్నెండో రోజుకో పటం కావాలి. చాలామంది పెద్దవాళ్లకు విడిగా తీయించుకున్న ఫొటో ఉండదు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, ఎవరిదో పెళ్లి గ్రూపు ఫొటోలో ఓ మూల నిలబడ్డ ముఖం, ఇవే దొరుకుతాయి. స్టూడియో అతను ఆ ముఖాన్ని కత్తిరించి, పక్కవాళ్ల భుజం తీసేసి, వెనక నీలం రంగు వేసి, తెల్లచొక్కా ఉన్న మరో శరీరానికి అతికిస్తాడు. మరీ ముసలిగా ఉన్నాడు, కాస్త వయసు తగ్గించమని మనవడు అడుగుతాడు. భర్త పోయాక బొట్టు తీసేసిన తల్లి ఫొటోకు బొట్టు పెట్టమని కొడుకులు అడిగితే, పెద్దలు వద్దంటారు. ఏది నిజమైన పోలిక? చివరి పదేళ్లు ఇంట్లో అందరూ చూసిన ముఖమా, పిల్లల మనసులో ఉన్న ముఖమా? చొక్కా ఆయనది కాదు, భుజాలు ఆయనవి కావు, అయినా ఆ పటానికి దండ వేసి, అద్దం మీద కుంకుమ పెట్టి, తద్దినం రోజు విస్తరి వడ్డిస్తారు. అధీనత నిలిచింది కనుక పోలికలోని లోపాన్ని ఇల్లు భరిస్తోంది. అదే పటంలోకి పొరపాటున మరొకరి ముఖం వస్తే, అది ఎంత అందంగా ఉన్నా, ఒక్క క్షణం కూడా గోడ మీద ఉండనివ్వరు.

కర్మకాండలోనూ ఈ విషయానికి స్థానం ఉంది. విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ, కళ్లు తెరిపించే నేత్రోన్మీలనం చేస్తారు. చిత్రపటాన్నీ మట్టి విగ్రహాన్నీ నీళ్లతో అభిషేకించలేనప్పుడు ఎదురుగా అద్దం పెట్టి, అందులోని ప్రతిబింబానికి స్నానం చేయిస్తారు. దర్పణ స్నానం అంటే ఇదే. దేవుడి బొమ్మ, దానికి మళ్లీ బొమ్మ, ఆ బొమ్మ మీద నీళ్లు. సేవ మాత్రం దేవుడికే చేరుతుందని నమ్మకం. ఫొటో పటానికి సాధారణంగా ప్రతిష్ఠ ఉండదు. దాని పూజార్హత మంత్రంతో వచ్చింది కాదు, దాని ముందు రోజూ జరిగే సేవతో వచ్చింది.

మంచాలను ఇచ్చిన సిద్ది మసూద్ ఖానే ఆదోని జామియా మసీదును కట్టించాడని ప్రసిద్ధి. అక్కడ అలంకారమంతా కమానుల్లో, రాతి చెక్కడాల్లో, అక్షరాల్లో ఉంటుంది. ప్రాణి బొమ్మకు చోటు లేదు. సృష్టికర్త పనికి మనిషి పోటీ పడకూడదన్నది ఇస్లామీయ నిషేధానికి ఒక మూలం. ఫొటో వచ్చాక ఆ ధర్మశాస్త్రంలోనూ వాదం రేగింది. ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఫొటోను అనుమతించారు. అది కొత్తగా సృష్టించడం కాదు, అద్దంలో పడ్డట్టు పడిన నీడను నిలిపి ఉంచడమేనన్నది ఆయన తర్కం. దేవబంద్ పండితుల్లో చాలామంది ఒప్పుకోలేదు. చేత్తో గీసినా యంత్రంతో తీసినా బొమ్మ బొమ్మేనన్నారు. పాస్‌పోర్టు, హజ్ ప్రయాణం అవసరమై ఆ మేరకు వెసులుబాటు వచ్చింది. అనుమతించినవారూ నిషేధించినవారూ అద్దం దగ్గరే తగువు పడ్డారన్నది గుర్తుంచుకోవాలి. క్రైస్తవంలోనూ ఇలాంటి తగువు వచ్చింది: బైజాంటియంలో విగ్రహ భంజనం నడిచిన రోజుల్లో, 9వ శతాబ్దపు క్రైస్తవ సన్యాసి థియోడోర్ ప్రతిమ స్వభావంలో వేరు, పోలికలో ఒకటి అని, దానికి చేసే వందనం మూలానికి చేరుతుందని వాదించారు. శరీరానికి నీడ ఎలాగో మూలానికి ప్రతిమ అలాగని ఆయన చెప్పిన పోలిక మధ్వుడి అధీనతకు చాలా దగ్గరగా ఉంది. ఒకరి మాట ఒకరు వినే అవకాశం లేని ఇద్దరు ఇక్కడికి చేరడం చూస్తే, ఈ ప్రశ్నలో ఏ మతానికీ సొంతం కాని ఒక నిర్మాణం ఉందనిపిస్తుంది.

సమకాలీన కళలో ఈ నిర్మాణాన్ని స్టూడియో ద్వారానే పరీక్షించినవారున్నారు. రాజా రవివర్మ 1894లో స్థాపించిన ముద్రణాలయం లక్ష్మీ సరస్వతుల ముఖాలను దేశమంతటా ఇళ్లకు చేర్చింది. బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్., ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నితో కలిసి 2000 నుంచి 2004 వరకు చేసిన దక్షిణ భారత స్త్రీల ఫొటో వరుసలో ఆ రవివర్మ లక్ష్మిగా తానే నిలబడ్డారు. వెనక రంగులద్దిన పరదా, అట్టతో చేసినట్టు తెలిసిపోయే అలంకారం, అన్నీ స్టూడియో సామగ్రే. చూసేవాడికి లక్ష్మి కనిపిస్తుంది, ఆడమనిషి కనిపిస్తుంది, కుట్టిన బట్ట కనిపిస్తుంది. పోలికను పూర్తిగా ఉంచి అధీనతను తెంపితే ఏం మిగులుతుందో ఆ పని చూపించింది. జపాన్ కళాకారుడు హిరోషి సుగిమోతో 1995లో దీనికి ఎదురు దారిలో వెళ్లారు. క్యోటోలోని సంజూసంగెన్‌దో ఆలయంలో వరుసలు తీరిన 1001 కన్నన్ బోధిసత్వ విగ్రహాలను, దీపాల వెలుగు కాక ఉదయపు సూర్యకాంతిలో తీశారు. ఆలయం కట్టినప్పటి భక్తులు చూసినట్టు చూడాలన్నది ఆయన కోరిక. అక్కడ ఫొటోగ్రాఫర్ తన ముద్రను వెనక్కి లాక్కుని బింబానికి లోబడ్డాడు. రోలాండ్ బార్త్ 1980లో ఫొటో గురించి రాసిన పుస్తకంలో రెండో సగం తన తల్లి చిన్ననాటి బొమ్మ చుట్టూ తిరుగుతుంది, కానీ ఆ బొమ్మను ఆయన అచ్చు వేయలేదు. ఇతరులకు అది ఎవరో ఒక పిల్ల ఫొటో మాత్రమే అవుతుందన్నది ఆయన భయం. కొడుకుకూ తల్లికీ ఉన్న బంధం కాగితంలో ఇమడదని ఆయనకు తెలుసు.

దేవరగట్టులో ఇదే విషయం నైతిక సమస్యగా మారుతుంది. కొండ మీది మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం తర్వాత, అర్ధరాత్రి ఉత్సవమూర్తుల కోసం ఊళ్ల జనం కర్రలతో తలపడతారు. మణి, మల్లాసురులనే రాక్షసులను స్వామి సంహరించాడన్న కథ దీనికి ఆధారం. ఏటా తలలు పగులుతాయి. పోలీసులు, వైద్యులు, డ్రోన్లు, సీసీ కెమెరాలు ఉంటాయి. బయటి ప్రపంచానికి చేరే ఫొటోల్లో కాగడాలు, గాలిలోని కర్రలు, రక్తం కనిపిస్తాయి. వాటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ ముందు రోజుల నియమాలు, నెరణికి, కొత్తపేట వంటి ఊళ్లవాళ్లు పగలు పెట్టుకోమని పాల మీద చేసే బాస, తెల్లారాక బసవన్న గుడి దగ్గర పూజారి నోట వినే భవిష్యవాణి ఆ ఫొటోల్లోకి రావు. పోలిక నూటికి నూరుపాళ్లు ఉండి, అధీనత లేని బొమ్మలవి. ఉత్సవంలోని హింసను సమర్థించాల్సిన పని లేదు. గాయపడ్డవాడి తల్లికి ఏ శాస్త్రమూ ఓదార్పు కాదు. అయినా కర్రను మాత్రమే తీసి పాలబాసను వదిలేసిన ఫొటోగ్రాఫర్ ఆ జనాన్ని తన అవసరానికి వాడుకున్నాడు. బాసను మాత్రమే తీసి రక్తాన్ని వదిలేసినవాడూ అంతే తప్పు చేస్తాడు.

ఇప్పుడు కంప్యూటరే ముఖాలను పుట్టిస్తోంది. రాఘవేంద్రస్వామి నవ్వుతున్నట్టు, నడుస్తున్నట్టు, భక్తుడి భుజం మీద చెయ్యి వేసినట్టు బొమ్మలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వీటిని కేవలం కల్పన అని కొట్టేస్తే పాత పటాలన్నిటినీ అదే మాటతో కొట్టేయాల్సి వస్తుంది, అవీ చూసి గీసినవి కావు గనుక. తేడా మరోచోట ఉంది. పాత చిత్రకారుడు మఠం చెప్పిన లక్షణాలకు, ధ్యానశ్లోకానికి, తన ముందటి పటానికి లోబడి గీశాడు. దండకమండలువులు ఎక్కడుండాలో, అక్షత ఎలా పెట్టాలో తెలియకపోతే కొనేవారే తిప్పికొట్టేవారు. యంత్రం లక్షల బొమ్మల సగటులోంచి ముఖం తీస్తుంది. అది ఎవరికీ లోబడి లేదు. అలాంటి బొమ్మను అచ్చువేసే స్టూడియో అతను ఆ లోబడటాన్ని తన వైపునుంచి చేర్చవచ్చు. తిలకం తప్పుగా ఉంటే దిద్దవచ్చు, స్వామి చేతికి తగని వస్తువు వస్తే తీసేయవచ్చు, భక్తుడితో కలిపి ఫొటో కావాలంటే స్వామికి సరిసమానంగా నిలబెట్టకుండా పాదాల దగ్గర కూర్చోబెట్టవచ్చు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర వంటి చోట్ల రంగుల పరదా ముందు కుటుంబాలను నిలబెట్టి ఫొటో తీసినవాళ్లకు ఈ మర్యాద ఎవరూ నేర్పకుండానే తెలుసు: పరదా మీద దేవుడుంటే, మనుషులను ఆ ముఖానికి అడ్డం రాకుండా పక్కకు జరిపేవారు.